అల్లుడుగారు ఎక్కించిన లినక్స్

మా ఇల్లు రామచంద్రపురంలో. ముందుగదిలో నాన్నగారి డీటీపీ షాపు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, దినకార్యం కార్డులు. మనిషి బతుకులోని ముఖ్య ఘట్టాలన్నీ మా ఒక్క ప్రింటర్లోంచే వస్తాయి, అందులోనే ఇరుక్కుంటాయి.

ఆ షాపు కంప్యూటర్లోని విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావని ఓ రోజు తెర మీద నోటీసు పడింది. కొత్త విండోస్‌కి ఈ కంప్యూటర్ చాలదట. నాకేం బాధ వేయలేదు. కీబోర్డు సందుల్లో టోనర్ పొడి, బజ్జీల నూనె కలిసి జిగురు కట్టాయి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బు వెతుక్కునేవాణ్ణి. కానీ నాన్నగారి వేళ్ళకి తెలిసింది అదొక్కటే. పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, దాని కీల వరస ఆయన కుర్రతనంలో నేర్చుకున్నారు. కీల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా కిందికి చూడకుండా పెళ్ళికూతురి తాతల పేర్ల దాకా కొట్టుకుంటూ పోతారు. ఆ వరస పోతే ఆయన చేతిలో పని పోయినట్టే.

విండోస్ బదులు లినక్స్‌కి మారదామన్నది నేను. ఉచితం, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. కాకపోతే అందులో రకాలు బోలెడు. కొత్తవాళ్ళకి ఏది తేలికని నెట్‌లో చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎవరో పాపం ఇదే ప్రశ్న అడిగారు, వాళ్ళని వదిలేసి మిగతావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. చేపల మార్కెట్లో ఎంత గొడవైనా చివరికి ఎవరో ఒకరు చేప పట్టుకుని ఇంటికి పోతారు. ఇక్కడ అదీ లేదు.

నాకు మాత్రం మింట్ అనే రకం నచ్చింది. మెనూ కింద ఎడమపక్కనే ఉంటుంది, విండోస్ అలవాటున్నవాళ్ళు తడుముకోనక్కర్లేదు. పైగా పెన్‌డ్రైవ్ నుంచి, కంప్యూటర్లో ఏమీ చెరపకుండా నడిపి చూడొచ్చు. నాన్నగారిని కూర్చోబెట్టి ఒక్క శుభలేఖ కొట్టించి చూద్దామనుకున్నాను.

ఈలోగా భీమవరం నుంచి బావ దిగాడు. మా అక్క మొగుడు, రొయ్యల మేత కంపెనీలో కంప్యూటర్లు చూస్తాడు.

"ఏరా బామ్మర్దీ, మింటా? అది చంటిపిల్లలకిరా. మావయ్యగారికి అసలు సిసలుది ఎక్కిస్తా."

అసలు సిసలుదంటే తెరంతా నలుపు, ఏ పని కావాలన్నా దానికో ఆదేశం టైపు చెయ్యాలి. దాని పేరు ఇక్కడ రాయను, దాని భక్తులు ఇంటికొచ్చి వాదిస్తారు.

"బావా, నాన్నగారు శుభలేఖలు కొడతారు. రాకెట్లు వదలరు."

"నేర్చుకుంటార్రా! ఏవండీ మావయ్యగారూ?"

నాన్నగారు కుర్చీ అంచున కూర్చున్నారు. "తమరు చెప్పాక ఇంకేముందండీ అల్లుడుగారూ."

మా ఇంట్లో అల్లుడు వర్షమంటే ఎండలో గొడుగులు తీస్తారు. కానీ మర్యాద కోసం ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మార్చుకుంటారని అప్పుడే తెలిసింది. బావ విండోస్ ఉన్న పాత డిస్కు ఊడదీసి, కొత్తది బిగించి, అందులో తన లినక్స్ ఎక్కించాడు. పక్కన పళ్ళెంలో గారెలు, కోడికూర. "ఇంకోటి వేసుకోండి బాబూ" అని అమ్మ. అవే వేళ్ళతో బావ కీబోర్డు వాయిస్తుంటే కీల సందుల్లో జిగురుకి మసాలా కూడా చేరింది.

"ఎలా ఉందండీ మావయ్యగారూ?"

"దివ్యంగా ఉందండీ," అన్నారు నాన్నగారు, ఆ నల్లటి తెరకి దణ్ణం పెట్టినంత పని చేసి.

మర్నాడు ఒకాయన చెల్లెలి పెళ్ళి శుభలేఖకి వచ్చారు. "మిషను రిపేరులో ఉందండీ, పక్క సెంటర్లో కొట్టించుకోండి," అన్నారు నాన్నగారు. పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరికీ ఇదే మాటని అమ్మ చెప్పింది. అసలే ముహూర్తాల రోజులు. పాత సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదు, ఆయన కీల వరస దీనికి తెలియదు. ఆయన మాత్రం కీల మీద వేళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు.

"రిపేరేంటి నాన్నగారూ? బావకి ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"అంత కష్టపడి చేశారు, ఏం బాగుంటుందిరా?"

"మరి షాపు?"

"ఆయన నొచ్చుకుంటే అక్కడ మాట పడేది అమ్మాయి."

ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి భోజనానికొచ్చి ఇంకో మనిషి చేతిలో పని తీసుకుపోతే, దానికి మావాళ్ళు పెట్టిన పేరు మర్యాద.

పాత డిస్కుని బావ బిస్కెట్ల డబ్బాలో పడేసి వెళ్ళాడు. అదృష్టం, పాడవలేదు. దాన్ని మళ్ళీ బిగించాను. బావ ఎక్కించినదాన్ని తుడిచేసి కొత్త డిస్కులో మింట్ వేశాను. ఆన్ చెయ్యగానే ఏది కావాలో అడుగుతుంది. మెయిళ్ళు, నెట్ పనులు మింట్‌లో. తెలుగు కొట్టడానికి పాత విండోస్, అప్‌డేట్లు రావు కాబట్టి దానికి నెట్ తీసేశాను. నాన్నగారు కూర్చుని "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అని కొట్టారు, కిందికి చూడకుండా. అమ్మ కళ్ళు తుడుచుకుంది. చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ ఉందనుకోండి.

తర్వాతోసారి బావ వచ్చేటప్పటికి షాపు బల్ల మీద శుభలేఖకని ఒక జంట కూర్చుని ఉంది. నాన్నగారు గబగబా కంప్యూటర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి మింట్‌లోకి వెళ్ళారు. నేను నేర్పిన మూడు కీలు కలిపి నొక్కారు. బావ ఎక్కించినదానిలాంటి నల్ల కిటికీ తెరుచుకుంది. అందులో చేతికొచ్చిందల్లా కొట్టారు.

"అలవాటైందాండీ మావయ్యగారూ?"

"అంతా మీ చలవేనండీ."

"చూశావురా బామ్మర్దీ?"

"చూశాను బావా."

బావ లోపలికి వెళ్ళి భోజనానికి పీట మీద కూర్చున్నాడు. నాన్నగారు నా చెవి దగ్గరికి వంగారు.

"దీన్ని మూసేదెలారా?"

"ముయ్యకండి. ఆయన భోజనం అయ్యేదాకా ఉండనివ్వండి."

ఆ జంట వైపు తిరిగి, "ఇంకొంచెంసేపు కూర్చోండి," అన్నాను. లోపల అమ్మ ఇంకో గారె వడ్డిస్తోంది.