సినిమాల్లో లేని బిడ్డ

పోయిన వారం చిత్తూరులో ఒక గృహప్రవేశానికి పోతూ తిరుపతి బస్టాండులో బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికిందన్న సంతోషం చంద్రగిరి దాటకముందే పోయింది. డ్రైవరు తలపైనున్న టీవీలో సినిమా పెట్టారు. పసిబిడ్డ చుట్టూ తిరిగే హాస్య చిత్రం. కొత్తగా తండ్రయినవాడు డైపరు తిరగేసి కట్టడం, పాలపొడి బదులు మైదాపిండి కలపడం, బిడ్డ ఏడిస్తే దానికంటే గట్టిగా తానే ఏడవడం. బస్సంతా పగలబడి నవ్వుతోంది. నా ముందు సీటాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, నా నీళ్లసీసా అడిగి మరీ తాగాడు. నేనూ నవ్వాను, నవ్వలేదని అబద్ధం చెప్పను. అంతలో ఆస్పత్రి సీను వచ్చింది. నర్సు తలుపు తోసుకుని వచ్చి, అప్పుడే పుట్టిన బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టింది. అప్పుడే పుట్టిన ఆ బిడ్డకు బుగ్గలున్నాయి, మెడ నిలబడింది, పైగా కెమెరా వైపు చూసి బోసినవ్వు నవ్వింది. మూడు నెలలకు ఒక్క రోజు తక్కువుండదు. ఎన్ని సినిమాలు చూసినా ఈ మోసం నాకు పట్టేది కాదు. ఏడేళ్ల కిందట మా మరిది పుణ్యమా అని పట్టింది. అప్పట్నుంచి ఆ సీను వస్తే చాలు, నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

మరిది అంటే మా చెల్లెలి భర్త. తిరుపతిలో ఒక పాత వీధిలో, యాత్రికులెవరూ పెద్దగా రాని చిన్న గుడి ఒకటుంది. అక్కడ అర్చకత్వం తరతరాలుగా వాళ్ల కుటుంబానిదే. అప్పట్లో తండ్రీ కొడుకులిద్దరే చూసుకునేవాళ్లు. వాళ్లింటికి మొదటిసారి పోయినప్పుడు నాకు ఎదురైన దృశ్యం ఇప్పటికీ కళ్లముందుంది. నెత్తి మీంచి నీళ్లు కారుతూ, తడిపంచెతో, రెండు చేతులూ పైకెత్తుకుని, "జరగండి, జరగండి" అంటూ మా మరిది నడవాలో నడిచొస్తున్నాడు. మనుషులే కాదు, ఆరేసిన బట్టలు కూడా భయపడి పక్కకు తప్పుకున్నట్టు అనిపించింది. మడిలో ఉన్న మనిషికి ఏదీ తగలకూడదు. తగిలితే మళ్లీ స్నానం. వీధిలో అల్లరి పిల్లలకు ఈ సంగతి తెలుసు. వాళ్లలో ఒకడు వేలితో ఇలా తాకి పారిపోయేవాడు, ఈయన పాపం రోజుకు మూడుసార్లు బావి దగ్గరికి పోయేవాడు. కోపం మాత్రం ఎరగడు. తోబుట్టువులు లేరు, తల్లి చిన్నప్పుడే పోయింది. ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా ఒక్క పసిబిడ్డను కూడా ఎత్తుకోలేదని తానే చెప్పేవాడు.

పెళ్లయిన ఎనిమిదేళ్లకు మా చెల్లెలు నెల తప్పింది. ఆ కబురు విన్న మరునాటి నుంచి మా మరిది చదువు మొదలుపెట్టాడు. చదువంటే పుస్తకాలు కాదు, సినిమాలు. మధ్యాహ్నం గుడి తలుపులు వేశాక వెనకవైపు అరుగు మీద కూర్చుని ఫోన్లో పసిపిల్లల హాస్య సినిమాలు ఒక్కటొక్కటిగా చూసేవాడు. తెలుగువి అయిపోతే తమిళానివి, అవి అయిపోతే భాష తెలియనివి. పక్కన ఒక నోటు పుస్తకం. పాలు వేడిగా ఉన్నాయో లేదో మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలని అందులో రాసుకున్నాడు. తండ్రులు మాత్రం ప్రసవం గది ముందు స్పృహ తప్పి పడకూడదని రాసుకుని కింద గీత కూడా గీశాడు. ఒకసారి నాతో చాలా గంభీరంగా అన్నాడు. "వదినా, అన్ని సినిమాల్లోనూ ఒకటే కథ ఉండాది. మొదట నాయన పిచ్చోడుగా ఉంటాడు, ఆఖరికి అన్నీ నేర్చుకుంటాడు. భయపడాల్సింది ఏం లేదు." మా చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. నేను ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఆయన నోటు పుస్తకం తీసుకుని రెండు తప్పులు దిద్ది ఇచ్చాను.

కార్తీకమాసం వెళ్లాక, ఇంకా నెలలు నిండకుండానే, ఒక పొద్దున మా చెల్లెలికి ఉన్నట్టుండి నొప్పులొచ్చాయి. మధ్యాహ్నానికల్లా ఆపరేషను చేశారు. బిడ్డను మాకు చూపించకుండానే వెచ్చగా ఉంచే అద్దాల బాక్సులో పెట్టేశారు. సాయంత్రం ఒక నర్సు నన్నూ మా మరిదినీ పిలిచి అద్దం ముందు నిలబెట్టింది. లోపల బాక్సులో ఏవో సన్నటి గొట్టాలు, తీగలు, చిన్న టోపీ, పత్తి. మా మరిది అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత నర్సు వైపు తిరిగి, "బిడ్డ యాడుండాది సిస్టర్?" అన్నాడు. అంతసేపూ ఆయన చూసింది దాని వైపే. నర్సు అద్దం మీద వేలు పెట్టి చూపించింది. నా చిటికెన వేలంత చెయ్యి ఒకటి కదిలింది. ఆడబిడ్డ, కిలోం పావు. "ఇన్ని సినిమాలు చూసినాను వదినా, ఒక్కదాంట్లోనూ ఇట్ల లేదే" అన్నాడు. సినిమా వాళ్ల మీద నాకు కోపం వచ్చింది. ఆ పూట ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా.

ఆ నర్సుది నగరి. మగ్గాల ఇంటి పిల్ల, మాట కాస్త గట్టి. రెండో రోజు పొద్దున్నే వచ్చి మా మరిదితో, "రేపట్నుంచి కంగారు మొదలుపెడదాం సామీ" అంది. ఆయన నీరసంగా, "ఇప్పటిదాకా పడింది చాలదా సిస్టర్?" అన్నాడు. ఆమెకు నవ్వాగలేదు. ఆమె చెప్పింది ఆస్ట్రేలియా జంతువు సంగతి. కంగారు తన పిల్లను సంచిలో ఒంటికి ఆనించుకుని పెంచినట్టు, నెల తక్కువ బిడ్డను చొక్కా లేని ఛాతీ మీద గంటలకొద్దీ పడుకోబెట్టుకోవాలట. ఇంత చిన్న బిడ్డలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడమే మర్చిపోతారట. అప్పుడు అలారం మోగుతుంది, నర్సు పరుగెత్తుకొచ్చి పాదం తడుతుంది, బిడ్డకు గుర్తొస్తుంది. మనిషి ఒంటి మీద ఉంటే మర్చిపోవడం తగ్గుతుందని డాక్టరు కూడా చెప్పాడు. తల్లి ఎత్తుకోవాలి, కానీ మా చెల్లెలికి కుట్లు వాచి జ్వరం కాస్తోంది. నేనున్నాను కదా అంటే, చలికాలం వస్తే నాకు దగ్గు విడవదు. నర్సు నా దగ్గు ఒక్కసారి విని గడప బయటే ఆపేసింది. ఇక మిగిలింది తండ్రి. "బాగా శుభ్రంగా స్నానం చేసి రండి సామీ, పైన చొక్కా ఉండకూడదు" అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

శుభ్రం అన్న మాట ఆయన చెవిలో ఏ అర్థంతో పడిందో మాకెవరికీ తట్టలేదు. మూడో రోజు పొద్దున ఆస్పత్రి నడవాలో "జరగండి, జరగండి" అని కేక వినిపించింది. స్ట్రెచర్లు తోసేవాళ్లు, ఫ్లాస్కులు పట్టుకున్న ఆడవాళ్లు గోడకు అతుక్కుపోయారు. మా మరిది పంచెతోనే నెత్తిన నీళ్లు పోసుకుని, అదే తడిపంచెతో, చేతులు పైకెత్తుకుని వస్తున్నాడు. వెనకాల తుడుపుకర్ర పట్టుకుని ఆయమ్మ తిడుతూ వస్తోంది. నర్సు తలుపు దగ్గరే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అయ్యో సామీ, ఏంది ఈ అవతారం!"

"శుభ్రంగా రమ్మంటివి గదమ్మా. తడిబట్ట కంటే శుభ్రం ఏముండాది?"

"బిడ్డకు వెచ్చగా ఉండాలనే గదా మిమ్మల్ని పిలిచింది. ఈ తడి తగిలితే ఐసు మీద పెట్టినట్టే గదా!"

ఆయన చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఇంకొక్క నిమిషంలో తానేం చేసి ఉండేవాడో ఆయనకు అర్థమైంది. అంతమంది ముందు నిలబడి ఏడ్చేశాడు. "నా చేత కాదు సిస్టర్. నాకు ముట్టుకోకుండా ఉండేది ఒకటే వచ్చు" అన్నాడు. ఆ నర్సు ఆయన్ను ఎగాదిగా చూసి, "ఈడ కావాల్సింది అదే సామీ" అంది. "ఆరేసిన పొడి పంచె కట్టుకోండి. ఒళ్లు బాగా తుడుసుకోండి. మోచేతులదాకా కడుక్కోండి. ఈ తలుపు కాణ్ణుంచి ఆ కుర్చీ దాకా దేన్నీ ముట్టద్దు. తలుపు ముట్టద్దు, ఫోను ముట్టద్దు, మీ ముక్కు కూడా ముట్టద్దు. బిడ్డను ఒక్కదాన్నే ముట్టుకోండి."

ఆ భాష ఆయనకు బాగా తెలిసిన భాష. తర్వాతి రోజుల్లో మిగతా తండ్రులకు చెయ్యి కడుక్కోమని, ఫోను బయట పెట్టమని చెప్పీ చెప్పీ నర్సుల నోళ్లు నొప్పి పుట్టేవి. మా మరిదికి మాత్రం ఒక్కసారి కూడా చెప్పాల్సిన పని రాలేదు. కొత్తగా వచ్చిన తండ్రులకు ఆయన్నే చూపించి, "ఆ సామి మాదిరి రావాల" అనేవాళ్లు.

మొదటిసారి బిడ్డను ఛాతీ మీద పెట్టినప్పుడు నేను అద్దం ఇవతల ఉన్నాను. నర్సు ఆయన జంధ్యాన్ని వీపు వైపుకు జరిపింది, బిడ్డను బోర్లా ఆనించింది, పైన దుప్పటి కప్పింది. ఆయన గడ్డం కింద టోపీ ఒక్కటే కనపడుతోంది. ఆయన బొమ్మలా బిగుసుకుపోయాడు. ఎంతగా అంటే, ఊపిరి కూడా బిగబట్టేశాడు. నర్సు నవ్వుతూ, "మీరు ఊపిరి తీసుకోండి సామీ. మిమ్మల్ని చూసే అది నేర్చుకునేది" అంది. ఆయన భయం భయంగా గాలి పీల్చాడు, వదిలాడు. దుప్పటి లేచింది, దిగింది. కొంతసేపటికి ఆ పెద్ద కదలిక మీద ఒక చిన్న కదలిక కనిపించింది, వేగంగా, సన్నగా. అది ఆగినట్టే ఆగేది, కింద ఛాతీ లేవగానే మళ్లీ మొదలయ్యేది. నల్లబల్ల మీద ఊపిరితిత్తుల బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఊపిరి అనేది ఒకరి దగ్గర్నుంచి ఒకరు నేర్చుకునేదని నాకు ఆ రోజే తెలిసింది. మూడు గంటలు ఆయన కదల్లేదు, నేనూ అద్దం దగ్గర్నుంచి కదల్లేదు. ఆ మూడు గంటల్లో అలారం ఒక్కసారి కూడా మోగలేదు.

ఇక్కడ పురుడు సంగతి చెప్పాలి. బిడ్డ పుడితే ఇంటివాళ్లందరికీ పది రోజులు పురుడు. ఆ పది రోజులూ గుళ్లో అడుగు పెట్టకూడదు, పూజ వేరే గోత్రంవాళ్లు చేస్తారు. మా మరిది పగలంతా కుర్చీలో కూర్చోగలిగింది అందువల్లే. వాళ్లింట్లో సెలవు అనే మాట లేదు. జ్వరమొచ్చినా పూజ పూజే, మైల ఒక్కటే మినహాయింపు. ఈ విషయంలో వాళ్ల నాయన రాయి లాంటి మనిషి. డెబ్బై దాటినాయన, పంచాంగంలో గడియ అటూ ఇటూ అయితే సొంత అన్నతో కూడా మాట మానేసిన మనిషి. రోజూ ఆస్పత్రికి వచ్చి బయట ఇనుప బెంచీ మీద కూర్చునేవాడు. లోపలికి వచ్చి బిడ్డను చూడమంటే తల అడ్డంగా ఊపేవాడు.

పదో రోజు వచ్చింది. మర్నాటి నుంచి ధనుర్మాసం. తెల్లవారకముందే పూజలు, పొంగళ్లు, నెలంతా ఊపిరాడని పని. మా చెల్లెలికి చీము పట్టిన కుట్లు విప్పి ఆ రోజే రెండోసారి వేశారు. మా మరిది కుర్చీలోంచి లేచి వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు. "రేపటికి పురుడు తీరిపోతాది నాయనా. నేను గుడికి పోవాల. దీన్ని ఎవరు ఎత్తుకుంటారు?" అన్నాడు. గట్టిగా అడిగే ధైర్యం లేదు, అడక్కుండా ఉండే శక్తీ లేదు. పెద్దాయన అటుగా పోతున్న నగరి నర్సును పిలిచాడు.

"ఏమ్మా, లెక్క ప్రకారం ఈ బిడ్డ ఎప్పుడు పుట్టాల?"

"ఇంకా ఏడు వారాలుండాది సామీ."

"మరి ఇప్పుడు ఆ లోపల ఏం చేస్తా ఉండాది?"

"కడుపులో చేసేదే ఈడ చేస్తా ఉండాది సామీ. పెరగతా ఉండాది."

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. "విన్నావా? అది ఇంకా పుట్టలేదు రా, పుడతా ఉండాది. పుట్టడం అయిపోయినాక గదా పది రోజులు లెక్క పెట్టేది. ఈ పురుడు తీరలేదు. నీకూ తీరలేదు, నాకూ తీరలేదు. పో, పోయి కుర్చీలో కూర్చో" అన్నాడు.

మా మరిది పరుగులాంటి నడకతో లోపలికి పోయాడు. నేను అక్కడే ఉండిపోయాను. పెద్దాయన తనకు తాను ఏం విధించుకున్నాడో నాకు కాస్త ఆలస్యంగా వెలిగింది. నువ్వు బిడ్డను చూసుకో, గుడి నేను చూసుకుంటాను అని తేలిగ్గా అనేయొచ్చు. కానీ కొడుక్కు పురుడుంటే తండ్రికీ ఉంటుంది. కొడుక్కు ఒక లెక్క, తనకొక లెక్క పెట్టుకోవడం ఆయనకు చేతకాదు. యాభై ఏళ్లలో ఒక్క ధనుర్మాసమూ తప్పని మనిషి ఆ నెలంతా గుడి గడప తొక్కలేదు. తెల్లవారుజామున చలిలో వీధికి అవతలివైపు నిలబడి, కప్పుకున్న శాలువా లోంచే దండం పెట్టి, మొదటి బస్సుకు ఆస్పత్రికి వచ్చేసేవాడు. ఇంకా పురుడు తీరలేదా సామీ అని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో కాన్పు జరగతా ఉండాది" అనేవాడు. ఆ మనిషికి చాదస్తమని అంతకుముందు నేను నలుగురిలో నవ్విన మాటలు గుర్తొచ్చి, చాలా సిగ్గుపడ్డాను.

ధనుర్మాసం వెళ్లిపోయింది. మా చెల్లెలు లేచి తిరిగింది, ఆమే ఎత్తుకోవడం మొదలుపెట్టింది, ఒక పూట తల్లి, ఒక పూట తండ్రి. ఒక రోజు డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. చెల్లెలు బిడ్డను గుడ్డలో చుట్టి నడవాలోకి తెచ్చింది. పెద్దాయన బెంచీ మీంచి లేచి, మొదటిసారి దాని ముఖంలోకి వంగి చూశాడు. అది ఆవలించింది. ఆయన నడుముకు దోపుకున్న పంచాంగం తీసి, తిథి చూసి, కొడుకుతో, "ఇదిగో, ఇప్పుడు పుట్టింది. ఈ పొద్దు నుంచి పది రోజులు" అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం మేమెవరం చూడనట్టు ఊరుకున్నాం. పుట్టడమంటే ఒక్క క్షణమని, అది గడియారం చూసి రాసిపెట్టుకోవచ్చని నేను అన్నేళ్లూ పిల్లలకు చెబుతూ వచ్చాను. ఒక మనిషి పుట్టడానికి నలభై మూడు రోజులు పట్టడం నేను కళ్లారా చూశాను.