గోడకు అంటించిన దారం

నా చిన్నప్పుడు మా బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, ఎవరినీ నమ్మేది కాదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసేది. కూరగాయల బండివాడి తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమేది. బతుకుదెరువు కోసం సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాళ్లం కదా, పరాయి ఊళ్లో ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉండాలనేది. ఆ బుద్ధి నాకూ బాగానే అంటింది. బడిలో పెన్సిలు పోతే ముందు పక్కపిల్ల సంచి వెతికి, ఆ తరువాతే నా సంచి చూసుకునేదాన్ని.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన అప్పట్లో ఉధ్నా దగ్గర ఒక షెడ్డులో కూలికి సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఎప్పటికైనా సొంతంగా రెండు సాంచాలు పెట్టుకోవాలి, రాత్రిపాళీ మానేయాలి, ఇంట్లో పిల్లల మధ్య పడుకోవాలి, ఇంతే ఆయన కోరిక. అప్పుడే డిండోలిలో, మేమున్న చోటికి రెండు గల్లీల అవతల, ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. కింద సాంచాలకు గది, పైన కాపురానికి గది. అమ్మేది మావైపు నుంచే ఎన్నడో వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన. అమ్రోలిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాడు. బాపు ఆయనను కాకా అనేవాడు, నేను తాతా అనేదాన్ని. అమ్మ వెండి కడియాలు అమ్మి బయానా ఇచ్చేశాం.

ఆ మర్నాడు బాపమ్మ నన్ను వెంటేసుకుని ఇల్లు చూడటానికి వెళ్లింది. కింది గదిలో తాత సాంచాలు ఇంకా టకటకమంటూ నడుస్తున్నాయి. మూడు గోడల మీద నూనె మరకలు, దుమ్ము. నాలుగో గోడ మాత్రం కొత్త సున్నంతో తళతళలాడుతోంది.

“గీ ఒక్క గోడకే సున్నమేందయ్యా?” అంది బాపమ్మ. వచ్చినవాళ్లకు జర మంచిగా కనబడుతుందని వేయించానన్నాడు తాత. “తెల్లగున్నయన్నీ పాలు గావు” అంటూ ఆమె గోరుతో గీకింది. సున్నం పెచ్చు ఊడి పడింది. కిటికీ మూల నుంచి దూలం దాకా పాకిన పగులు బయటపడింది.

ఇక చూడండి మా ఇంట్లో లొల్లి! మేస్త్రీ వచ్చి, కొత్త సాంచాల అదురుకు ఈ గోడ నిలవదు, విప్పి కట్టాల్సిందేనన్నాడు. ఆయన చెప్పిన ఖర్చుతో రెండు సాంచాలు వస్తాయి. అది ఎవరు పెట్టుకోవాలి? పాత పగులు, ఏళ్ల కిందే కదలడం ఆగిపోయింది, సాంచాలు పెట్టుకునేది మీరు కనుక మీరే కట్టించుకోండన్నాడు తాత. గోడ ఇంకా కదులుతూనే ఉంది, నువ్వు దాచిపెట్టావు కనుక నువ్వే కట్టించాలన్నాడు బాపు. వెనక్కి పోదామంటే బయానా దక్కదు. ఖర్చంతా మా నెత్తిన పడితే ఇల్లు ఉంటుంది, సాంచాలు ఉండవు.

ఉపాయం చెప్పింది మా బాపమ్మే. ఒంటి పోగు నూలు దారాన్ని పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ చిక్కటి గంజితో గోడకు అంటించాలి. పది రోజులు చూడాలి. దారం తెగితే గోడ కదులుతున్నట్టే, ఖర్చు తాతది. తెగకపోతే మాది. అందరూ ఒప్పుకున్నారు. తాత ఇంటి దారాన్ని ఆమె ముట్టుకోలేదు. మా ఇంటి నుంచి తెచ్చిన దారాన్ని, తన పొట్టి చేతులకు అందిన చోట, కిటికీ పక్కన తానే అంటించింది. అది తెగిపోతే తాత గుట్టుగా మరొకటి అంటించేస్తాడేమోనని, రోజూ బడి నుంచి వస్తూ చూసి రమ్మని నన్ను కాపలా పెట్టింది.

నేను వెళ్లగానే తాత తలుపు తీసి “సూస్కో బిడ్డా” అనేవాడు. గుప్పెడు పుట్నాలు పెట్టేవాడు. నేను తీసుకునేదాన్ని కాదు. లంచం ఇస్తున్నాడని నా అనుమానం.

ఎనిమిది రోజులైనా దారం చెక్కుచెదరలేదు. ఇంట్లో బాపు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోతున్నాడు. “నా నొసట రాత్రిపాళే రాసున్నట్టుంది” అని అమ్మతో అంటుంటే విన్నాను. నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదో రోజు నేను వెళ్లేసరికి తాత పైగదిలో ఉన్నాడు. నా సంచిలో పెన్సిలు చెక్కుకునే సగం బ్లేడు ఉంది. ఒక్క గీత గీశాను, దారం రెండయింది. ఇంటికి పరుగెత్తి, తెగింది తెగిందని అరిచాను.

బాపు, బాపమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. తాత వంగి దారం కొసను వేళ్ల మధ్య నలిపి చూశాడు. నా బుర్రకు తట్టని సంగతి ఒకటుంది. ఆ గదిలోని వాళ్లంతా పుట్టినప్పటి నుంచి దారంతో బతికినవాళ్లు. లాగితే తెగిన నూలు కొస పీచుపీచుగా ఉంటుంది. బ్లేడుతో కోస్తే మొద్దుగా, సమంగా ఉంటుంది. అది నేతపని చేసే సాలోళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. బాపు చూశాడు, ఆయన ముఖం నల్లబడింది. బాపమ్మ చూసి కొడుకు వైపు తిరిగింది. తాత ఒక్క మాట అంటే చాలు, బయానాతో పాటు మా బాపు పరువు కూడా ఆ గల్లీలో కలిసిపోయేది. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

తాత నడుం నిలబెట్టి, “ఎలుక కొరికినట్టుంది. గంజి వాసనకు వస్తయి గవి” అన్నాడు. తరువాత నా దిక్కు చూశాడు. “ఈసారి ఎలుకకు అందకుంట పైన అంటిద్దాం.”

నా చెవులు వేడెక్కిపోయాయి. ఆయన స్టూలు వేసుకుని దూలం కింద, బాపమ్మ ఇచ్చిన దారమే మళ్లీ అంటించాడు. పది రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి. పగులు పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంది. తెగితే అక్కడే ముందు తెగుతుందని ఆయనకు తెలియకుండా ఉంటుందా?

ఇంటికి వచ్చాక బాపు తలుపేసి, “నువ్వేనా అవ్వా?” అని బాపమ్మను అడిగాడు. “నువ్వు జేసి నా మీద పెడతవారా?” అని ఆమె ఎగిరిపడింది. ఇద్దరూ ఒట్లు పెట్టుకున్నారు, ఇద్దరూ ఒకరి ఒట్టు ఒకరు నమ్మలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నేను తలెత్తకుండా అన్నం తిన్నాను.

ఆ తరువాత ఆ ఇంటి వైపు వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. కడుపునొప్పి అన్నాను, బడి ఎక్కువసేపు ఉందన్నాను. వానలు మొదలయ్యాయి. ఆ గడువు ఇంకా తీరకముందే, ఒకరోజు పొద్దున తాత తడుచుకుంటూ మా గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

“దారం తెగింది. వచ్చి సూస్కోండ్రి.”

బాపమ్మ ఆయనను కిందికీ మీదికీ చూసింది. “నీకొచ్చే నష్టం నువ్వే వచ్చి చెప్తున్నవేందయ్యా?”

“మీ పిల్ల వస్తలేదు గద. ఎవలో ఒకలు చెప్పాలె.”

వెళ్లి చూశాం. ఈసారి కొసలు పీచుపీచుగా వేలాడుతున్నాయి. ఆయన తలుచుకుంటే కొత్త దారం అంటించి ఊరుకునేవాడు, మాలో ఎవరికీ తెలిసేది కాదు. ఖర్చంతా తనదేనన్నాడు. “సున్నం ఏసిన కాడనే తప్పు జేసిన. మీ కంట పడదని ఆశపడ్డ” అని కూడా అన్నాడు.

అప్పుడు మా బాపు, సగం నేను పెట్టుకుంటాను కాకా, అన్నాడు. బాపమ్మ మోచేత్తో పొడిచినా వినలేదు. “ఇన్నేండ్లు నీ సాంచాలు ఊపినయ్, రేపటి సంది నావి ఊపుతయ్.” పైకి చెప్పిన కారణం అది. అసలు కారణం అమ్మ నాకు చాలా ఏళ్లకు చెప్పింది. తన తల్లి ఆ దారం కోసిందన్న సిగ్గుతోనే ఆయన ఆ సగం మోశాడట. అందుకే రెండు సాంచాలు రావలసిన మా ఇంటికి ఒకటే వచ్చింది. రెండోది కొనేదాకా బాపు మరో మూడేళ్లు రాత్రిపాళీకి పోయాడు. ఆయన రాత్రిపాళీ తప్పిద్దామని కదా నేను బ్లేడు తీసింది!

ఇప్పుడు నేనూ ముసలిదాన్ని. మొన్న నా ఫ్లాటు అమ్మేటప్పుడు, కొనవచ్చిన కుర్ర డాక్టరు దంపతులకు, స్నానాలగది గోడకు చెమ్మ ఉంది, బాగుచేయించే ఖర్చులో సగం నాది అని వాళ్లు అడగకముందే చెప్పాను. వాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఇంత చెబుతోందంటే ఈ ముసల్ది ఇంకెంత దాచిందో అనుకుని ఉంటారు. అనుకోనీ. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

తాత ఆ రోజు నన్ను వదిలేసింది, నా తప్పు నేనే ఇంట్లో చెప్పుకుంటానని. అది అర్థమయ్యేసరికి నాకు పెళ్లీడు వచ్చింది. అప్పటికీ చెప్పలేదు. రేపు చెబుదాం, పండగ వెళ్లాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు ఎక్కడ ఏ పొరపాటు జరిగినా, అది నాదైతే అందరికంటే ముందు నోరు తెరుస్తాను. ఏం లాభం? బాపమ్మ పోయేదాకా ఆ దారం కొడుకే కోశాడనుకుంది. బాపు పోయేదాకా తల్లే కోసిందనుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యా కూర్చుని అన్నేళ్లూ నేను అన్నం తిన్నాను.