మహేశ్వరరావు బావ లోడ్ ట్రయల్

మా బావ మహేశ్వరరావు ఒడిశా కొండల్లోని దామంజోడి అల్యూమినా ప్లాంటులో కన్వేయర్ బెల్టుల ఫిట్టరు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో, బరువు వేసి నడిపి చూసే లోడ్ ట్రయల్ లేకుండా ఒక్క యంత్రాన్నీ ఒప్పుకున్న పాపాన పోలేదు. పెళ్లిచూపుల్లో మా కామేశ్వరి అక్కని ఏ ట్రయలూ లేకుండా ఎలా ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మోకాలి ఆపరేషన్ అయ్యాక బావ బండి నడపడం మానేశాడు. పొద్దున్న ఆరు గంటల షిఫ్టుకి అక్కే స్కూటీ మీద దింపేది. పోయిన చలికాలమంతా ఆవిడ పొగమంచులో దగ్గుతూ ఇంటికి తిరిగొస్తుంటే బావకి మనసు ఒప్పలేదు. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు, ఎత్తు మాత్రం వద్దన్నాడు. దామంజోడిలో ఎత్తు లేని దారి ఎక్కడుంది? అందుకని మళ్లీ చలి వచ్చేలోగా కొండదారికి పనికొచ్చే బ్యాటరీ సైకిలు కొని, అక్కకి ఆ తిప్పలు తప్పించాలని పట్టుబట్టాడు.

కోరాపుట్‌లో సౌమ్యరంజన్ సైకిళ్ల కొట్టుకి బావ, అక్క, నేను మూడు ఆదివారాలు తిరిగాం. బావ షరతులు బోలెడు. బ్యాటరీ ఊడి రావాలి, ఎందుకంటే క్వార్టరు రెండో అంతస్తు, కింద ప్లగ్గు లేదు. సైకిలు కంపెనీ చెప్పే కిలోమీటర్లు చదును నేల మీదవి, ఎత్తులో అందులో సగమే నమ్మాలి. దిగుడులో బ్రేకులు వేడెక్కకూడదు. ట్యూబులు ఈ ఊళ్లోనే దొరకాలి. అన్నీ సరైన మాటలే, కాదనను. కానీ పరీక్షకి తొక్కిందెవరు? నేను! తన బరువు నాకు లేదని నా వీపుకి పాతిక కిలోల బియ్యం బస్తా కట్టించి, కొండ ఎక్కించి, తను గడియారం చూసుకుంటూ నీడలో నిలబడ్డాడు. ప్లాంటులోనూ అంతే, నడిపేది ఒకరు, పాస్ చేసేది ఈయన. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడో ఆదివారం ఒకటి పాసయింది.

"మీరూ ఓ పాలి ఎక్కి సూడండి," అంది అక్క.

"నాకేటి, అన్నీ సూసేను కదా."

"ఎక్కండి."

బావ కాలెత్తాడు. పై కడ్డీ దాటే ఎత్తుకి లేవలేదు. ఇంకోసారి ఎత్తాడు. ఏడాదిగా ఆ కాలు ఎంతవరకు లేస్తుందో మాకు తెలియనివ్వలేదు మహానుభావుడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

సౌమ్యరంజన్ మూలనున్న ఇంకో సైకిలు తెచ్చాడు. దాని కడ్డీ బాగా కిందికి ఉంది. "కానీ సార్, ఇది లేడీస్ మోడల్," అని నసిగాడు.

"మోటారుకి ఆడా మగా ఏటయ్యా?" అంటూ బావ ఎక్కి కూర్చున్నాడు. కొట్టు ముందున్న ఎత్తంతా ఎక్కి, కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చాడు.

నవంబరులో ఆ సైకిలు మీద షిఫ్టుకి వెళ్లే మొదటి రోజు బావ కిందికి దిగేసరికి, అక్క మఫ్లరు చుట్టుకుని స్కూటీ స్టార్టు చేసి సిద్ధంగా ఉంది.

"నిన్ను సలిలో తిప్పకూడదనే కదే ఇదంతా!"

"మీరు సేరేరో లేదో తెలీకుండా నాకు నిద్దరెలా వస్తాది?"

మూడు రోజులు ముందు బావ, వెనక అక్క. నాలుగో రోజు ప్లాంటు గేటు దగ్గర బావ వెనక్కి చూస్తే స్కూటీ లైటు లేదు. అనుకున్నది నెగ్గింది కదా, లోపలికి పోవచ్చు. పోలేదు. ఇంటికి ఫోన్ చేసి, "ఒంట్లో బాగానే ఉందేటి?" అని అడిగాడు.

"మూడ్రోజులు సూసేను కదా, దుప్పటి కప్పుకుని పడుకున్నాను, పెట్టెయ్యండి," అంది అక్క.

అయినా పది నిమిషాలు ఆ ఖాళీ రోడ్డు వైపే చూస్తూ నిలబడి, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి షిఫ్టుకి ఆలస్యంగా వెళ్లాడు.