మొన్న మాస్టారు

మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క లోపం. పదివేల ఏళ్ళ లోపు జరిగినదంతా ఆయనకు మొన్న జరిగినట్టే ఉంటుంది. మంచు కరిగి సరస్సులు ఏర్పడింది మొన్న. మనిషి నిప్పు రాజేసింది ఈ మధ్య. చేపలు ఒడ్డెక్కి కాళ్ళు తెచ్చుకున్నది కాస్త వెనక. జీవులు తామున్న చోటికి తగ్గట్టు ఎలా మారతాయి, ఒక జాతి రెండు జాతులుగా ఎప్పుడు విడిపోతుంది అన్నది ఆయన పరిశోధన. లక్షల ఏళ్ళతో వ్యవహారం నడిపే మనిషికి పదకొండింటి మీటింగుకీ పన్నెండింటి మీటింగుకీ తేడా తెలియమంటే ఎలా తెలుస్తుంది? కాలేజీలో ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన మొన్న మాస్టారే.

ఆయనతో కాపురం చేసి చేసి ఆయన భార్య ఒక లెక్క కట్టుకుంది. ఆయన "ఇప్పుడే" అంటే నెలలు, "మొన్న" అంటే ఏళ్ళు, "ఈ మధ్య" అంటే తరాలు. "పూర్వం" అన్నారంటే మాత్రం అడగడానికి అప్పటికి మనుషులే లేరు. వంటింటి కుళాయి కారుతోందని పిలిస్తే వచ్చిన ప్లంబరు, "ఎప్పట్నుంచండీ?" అని అడిగాడు.

"మొన్నట్నుంచేనోయ్," అన్నారు మాస్టారు.

"మా అబ్బాయి పుట్టక ముందు నుంచి," అని ఆవిడ లోపల్నుంచి సవరించింది. ఆ అబ్బాయి అప్పటికి డిగ్రీలో ఉన్నాడు.

స్నేహితుడి కూతురి పెళ్ళికని బయల్దేరి, ఆ పిల్లకు పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకు అందుకున్నారని కూడా ఆవిడ చెబుతుంది. ఆవిడ కాస్త కలిపి చెబుతుందిలెండి. నిజానికి ఆయన మరుసటి నెలలోనే వెళ్ళారు, బహుమతి కూడా తీసుకెళ్ళారు.

పళ్ళ డాక్టరు దగ్గర జరిగిన కథ కాలేజీలో అందరికీ కంఠతా వచ్చు. మాస్టారికి జ్ఞానదంతం సలుపు మొదలై, దవడ బూరెలా పొంగితే వెళ్ళారు.

"ఈ బాధ ఎప్పట్నుంచి?" అన్నాడు డాక్టరు.

"ఈ మధ్యేనండి. వంట నేర్చుకున్నప్పట్నుంచి."

"మీరు వంట చేస్తారా?"

"నేను కాదండీ, మనుషులు. ఉడికించిన తిండి మెత్తగా ఉంటుంది కదా, గట్టిగా నమలక్కర్లేకపోయేసరికి దవడలు చిన్నవైపోయాయి. పళ్ళకి మాత్రం ఆ కబురింకా అందలేదు."

డాక్టరు పన్ను పీకి చేతిలో పెట్టి, ఫీజు తీసుకోకుండా పంపేశాడట. ఆయన మీద గౌరవం కొద్దీ వదిలేశాడో, భయపడి వదిలేశాడో ఇప్పటికీ తేలలేదు.

అలాంటి మాస్టారి దగ్గర పరిశోధనకు చేరింది ఒక అమ్మాయి. ఆయనకు విరుద్ధంగా ఆ పిల్లకు ప్రతిదానికీ కంగారే. బస్సు రావడానికి అరగంట ముందే స్టాపులో నిలబడి, తప్పిపోయిందేమోనని పక్కవాళ్ళను అడిగే రకం. చేరిన రోజునే, "సార్, నా పని ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది.

"అమ్మాయ్, నువ్వింకా కూర్చోనే లేదు," అన్నారు మాస్టారు.

ఆయన ఆమెకు అప్పగించింది చేపలను. ఒకే సరస్సులో పుట్టి పెరిగిన చిన్న చేపలు. కొన్ని ఒడ్డునే ఉండి నత్తలను కొరుక్కు తింటాయి, వాటి దవడలు మొరటుగా ఉంటాయి. కొన్ని లోతుకు పోయి, కంటికి ఆనని పురుగులను ఏరుకు తింటాయి, వాటి మూతులు సన్నగా ఉంటాయి. ఒకప్పుడు అన్నీ ఒక్కటే. ఎప్పుడంటారా, మొన్న. చోటు మారి, తిండి మారి, మూతులు మారాయి. మరి ఇప్పుడు రెంటినీ ఒకే గదిలో పెట్టి, ఒకే తిండి పెట్టి, కొన్ని తరాలు పెంచితే మళ్ళీ ఒకదాన్నొకటి పెళ్ళాడతాయా, లేక ఎవరి దారి వాళ్ళదేనా? పెళ్ళాడకపోతే ఒక జాతి రెండవుతున్నట్టే. "చేపలకి సంబంధాలు కుదిరాయా?" అని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు గానీ, ఆ పిల్లకు అదే లోకమైపోయింది.

ఆ పనిలో ఒక చిక్కుంది. ఈ చేపల్లో తల్లి పిల్లలను నోట్లో పెట్టుకుని మోస్తుంది. వదిలిన రోజే వాటిని వేరే తొట్టిలోకి మార్చాలి. లేకపోతే సాయంత్రానికల్లా చుట్టుపక్కలవాళ్ళు ఫలహారం చేసేస్తారు. మేతకూ నీళ్ళకూ వేళ తప్పకూడదు. ఒక్క తరం తెగిందంటే ఏళ్ళ తరబడి చేసిందంతా గంగపాలు.

ఏటా పరిశోధనలు ఎంతవరకు వచ్చాయో చూడడం హెడ్డుగారి పని. ఆయన వాచీ చూసుకోకుండా ఊపిరి కూడా పీల్చరని ప్రతీతి.

"ఈ అమ్మాయి పని ఎంతవరకు వచ్చింది?"

"మొన్ననే కదండీ మొదలెట్టింది," అన్నారు మాస్టారు.

"నాలుగేళ్ళయింది."

"అదేనండీ నేననేది."

ఆ ఏడాదే ఆమె తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నెలరోజుల్లో వచ్చేస్తానని, తొట్లవైపు చూసి చూసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. మేత సంగతి, నీళ్ళ సంగతి మాస్టారికి పదిసార్లు అప్పగించింది. "అలాగేలే, తొందరేముంది," అన్నారాయన. ఆ మాట విన్నాకే ఆమె గుండె జారిపోయింది.

నెల కాస్తా రెండయింది, ఆరయింది, ఏడాది దాటింది. తండ్రిని లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, అడుగు వేయించడం, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. అప్పుడప్పుడు గుండె దిటవు చేసుకుని మాస్టారికి ఫోను చేసేది.

"సార్, చాలా ఆలస్యమైపోతోంది."

"ఆలస్యమేంటి? మొన్ననే కదా వెళ్ళావు. నాన్నగారు ఎలా ఉన్నారు?"

"కర్ర పట్టుకుని నిలబడుతున్నారు సార్. మరి... చేపలు?"

"ఉన్నాయి, నీళ్ళలోనే ఉన్నాయి."

ఈ జవాబుతో ఎవరికైనా మనసు కుదుటపడుతుందా? భూమ్మీద లేకుండా పోయిన జంతువుల గురించి కూడా మాస్టారు అలాగే, "మొన్నటిదాకా ఉన్నాయి" అని చెబుతారు. పైగా తోటి పరిశోధకురాలు ఒకామె ఇంకో కబురు చెప్పింది. ఏదో పెద్ద మెషీను వచ్చిందట, చేపల గది దానికి కావాలని హెడ్డుగారు పట్టుబడుతున్నారట, ఆ మెషీను పెట్టె విప్పకుండా వరండాలోనే ఉందట. గది ఈపాటికి పోయే ఉంటుందని, చేపలు అంతకు ముందే పోయి ఉంటాయని అమ్మాయి తీర్మానించుకుంది. తండ్రితో ఆ మాట అనలేదు. ఆయన తనంతట తాను వీధి గుమ్మం దాకా నడిచి, "ఇక నువ్వెళ్ళమ్మా," అన్నాక బయల్దేరింది.

ఎవరూ రాకముందే వెళ్ళి, ఖాళీ తొట్లు కడిగి బోర్లించి, నలుగురి కంటా పడకుండా వచ్చేయాలన్నది ఆమె ఆలోచన. తెల్లవారుతూనే కాలేజీ మెట్లెక్కింది. వరండాలో ఆ మెషీను చెక్కపెట్టె అలాగే ఉంది. దానిమీద ఎవరివో టీ గ్లాసుల మరకలు వలయాలు వలయాలుగా ఉన్నాయి. చేపల గదిలో లైటు వెలుగుతోంది. తలుపు తీయబోతుంటే లోపల అలారం గణగణ మోగింది.

లోపల మొన్న మాస్టారు. పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, చొక్కా చేయి భుజం దాకా తడిపేసుకుని, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని తొట్టిలో నీళ్ళు తోడుతున్నారు. పదకొండు కొట్టకుండా ఆయనను కాలేజీలో చూసినవాళ్ళు లేరు. ఆమెను చూసి, ఆగమని వేలు చూపించి, గొట్టం బకెట్లో పెట్టి, పుక్కిట్లో చేరిన నీళ్ళు ఉమ్మి, అప్పుడు నోరు విప్పారు.

"ఏం, అప్పుడే వచ్చేశావ్? మొన్ననే కదా వెళ్ళావు."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. నవ్వే ముందు బయటపడింది. తొట్టి తరవాత తొట్టి చూసుకుంటూ పోయింది. ఒడ్డు చేపలు ఒడ్డు చేపల దగ్గరే, లోతు చేపలు లోతు చేపల దగ్గరే, పిల్లలు పిల్లల తొట్టిలోనే ఉన్నాయి. ఒక్క తరం తెగలేదు. ఆమె వదిలి వెళ్ళినవాటికి మనవలు ఈదుతున్నారు.

"ఇలా రా," అని ఆయన చివరి తొట్టి చూపించారు. అందులో రెండు రకాలనూ కలిపి ఉంచారు. "ఒకే తిండి తింటున్నాయి, ఒకే చోట పుట్టాయి. అయినా ఇది దాన్ని చూసి మొహం తిప్పుకుంటోంది, చూడు."

"అంటే రెండు జాతులైపోయాయా సార్?"

"అవుతున్నాయి. తొందరేముంది?"

కాసేపటికి మాస్టారి భార్య టిఫిన్ డబ్బాతో వచ్చింది. అమ్మాయిని చూడగానే డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చావా తల్లీ, నా ప్రాణం లేచొచ్చింది. ఈయన్ని నిద్ర లేపలేక నా గొంతు అరిగిపోయింది ఇన్నేళ్ళూ. నువ్వు వెళ్ళిన మర్నాడు, చీకటుండగానే ఇంట్లో అలారం మోగితే ఇల్లు అంటుకుందేమోనని వీధిలోకి పరిగెత్తాను. అప్పట్నుంచీ రోజూ ఇదే తంతు. జ్వరమొస్తే మఫ్లరు చుట్టుకుని మరీ వచ్చారు."

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం పిన్నిగారూ?"

"చెబుదామంటే చెప్పనిస్తేనా? 'నేను చూస్తున్నానని తెలిస్తే ఆ పిల్ల మొహమాటపడి, వాళ్ళ నాన్నని వదిలేసి పరిగెత్తుకొస్తుంది. ఆయన నడిచేదాకా అక్కడే ఉండనీ' అన్నారు."

మాస్టారు ఈ మాటలేవీ వినబడనట్టు మేత డబ్బా మూత బిగిస్తున్నారు. మూత అప్పటికే బిగిసి ఉంది. ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నందుకు అమ్మాయికి మొదటిసారి గర్వంగా అనిపించింది.

ఇంతలో తలుపు దగ్గర హెడ్డుగారు వాచీ చూసుకుంటూ ప్రత్యక్షమయ్యారు. "రామ్మా, బాగున్నావా? నాన్నగారు కులాసానా? మీ మాస్టారిని ఈ రోజైనా పదకొండింటికి మీటింగుకి తీసుకురా. ఈ గది సంగతి ఇవాళ తేల్చేయాలి," అని వెళ్ళిపోయారు.

గది మాస్టారి పేరు మీద ఉంది. ఆయన మీటింగులో కూర్చుని సరేననకుండా ఖాళీ చేయించడానికి కాలేజీ నియమాలు ఒప్పవు. మాస్టారేమో ఇప్పటిదాకా ప్రతి మీటింగుకీ అందరూ కుర్చీలు సర్దేశాకే చేరుకున్నారు.

పదకొండవుతుంటే అమ్మాయికి పాత కంగారు పట్టుకుంది. "సార్, టైమైంది, లేవండి."

మాస్టారు అలారం గడియారం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు ఎత్తి, ముల్లును జాగ్రత్తగా చూశారు. "ఇంకా కాలేదు, కూర్చో. ఇప్పుడు వెళితే మీటింగుకి అందేస్తాం. హెడ్డుగారు టీ తాగి లేచేసరికి పన్నెండుంబావవుతుంది. అప్పుడు వెళితే సరిగ్గా సరిపోతుంది."

ఆమె నోరు తెరుచుకుని ఆయన వైపు చూసింది. ఆయన చేపల వైపు చూస్తూ కూర్చున్నారు. మాస్టారి భార్య గోడ వైపు తిరిగి నవ్వాపుకుంటోంది.

సరిగ్గా పన్నెండుంబావుకు ఇద్దరూ వరండాలో పరుగులాంటి నడకతో బయల్దేరారు. హెడ్డుగారు ఎదురొచ్చారు.

"మీటింగ్ అయిపోయిందండీ."

"అయ్యో, అప్పుడేనా?" అన్నారు మాస్టారు, ఆయాసం నటిస్తూ.

"మీతో నా వల్ల కాదు. ఆ మెషీను పై అంతస్తులో పెట్టించేస్తున్నాం, మీ గది మీరే ఉంచుకోండి. పాపం ఆ పెట్టెని ఇంకెంతకాలం వరండాలో ఉంచుతాం?"

మాస్టారు టీ మరకల చెక్కపెట్టె వైపు జాలిగా చూశారు. ఆయన ఏమంటారో అమ్మాయికి తెలుసు. అందుకే ఆయన నోరు తెరిచేలోపు తనే అనేసింది.

"మొన్ననే కదండీ వచ్చింది."