కూడితే తొమ్మిది

స్కూటీ మీద వెళ్తే నన్ను ఫుడ్ డెలివరీ మనిషి అనుకున్నారు. జూబ్లీ హిల్స్‌లో నిర్మాతగారి ఇంటి గేటు దగ్గర, వానలో, నేను హెల్మెట్ తీసేలోపే వాచ్‌మన్ చెయ్యి పక్కకి ఊపి, "డెలివరీ అయితే గా ఎనక గేటుకు పో అమ్మా" అన్నాడు. నా సంచీలో బిర్యానీ లేదు, పూర్తి స్క్రిప్టు ఉంది. ఆ సంగతి అతనికి నచ్చజెప్పి, అతను లోపలికి ఫోన్ చేసి, వాళ్ళు ఎత్తేసరికి నిర్మాతగారు కథ వినడానికి ఇచ్చిన టైము కాస్తా గేటు బయటే అయిపోయింది.

ఆయన మేనేజరు మంచివాడు. కథ అతనికి నచ్చింది కూడా. "వచ్చే వారం ఇంకోసారి టైమిప్పించాను మేడమ్. మళ్ళీ అడగడం నావల్ల కాదు" అన్నాడు.

నాది ఏలూరు పక్క. పెళ్ళికి ముందు నుంచీ ఈ సినిమాల్లోనే ఉన్నాను. క్లాప్ కొట్టాను, హీరోయిన్లకి డైలాగులు చదివి వినిపించాను, ఇప్పుడు కో-డైరెక్టర్‌ని. ఈమధ్య సెట్లో కొత్తవాళ్ళు నన్ను చూసి హీరోయిన్‌గారి అమ్మ అనుకుని కుర్చీ వేస్తున్నారు. ఈ కథ కూడా పోతే నేనింక డైరెక్టర్‌ని కాలేను. ఆ సంగతి నాకూ తెలుసు, ఫిల్మ్ నగర్‌లో టీ కొట్టువాడికీ తెలుసు.

"క్యాబ్‌లో వెళ్ళొచ్చుగా?" అన్నారు మావారు. క్యాబ్‌కి ఉండేది పసుపు నంబరు ప్లేటు. ఆ ప్లేటున్న బండిని ఆ ఇళ్ళల్లో పోర్టికో దాకా రానివ్వరు. సొంత కారు కావాలి, అదీ వారంలోగా కావాలి. రహమత్ నగర్‌లో మా అద్దె ఇంటి ముందు స్కూటీ పెట్టుకోవడానికే చోటు లేదని ఆయన గుర్తు చేస్తే ఇంతెత్తున లేచాను.

ఆన్‌లైన్‌లో పాత కార్లు వెతకడం మొదలుపెట్టాను. ఒక కారు నచ్చింది. ముందు నుంచి, వెనక నుంచి, స్టీరింగు, సీట్లు, డిక్కీలో స్పేర్ టైరు, అన్నిటికీ ఫోటోలున్నాయి. ఒక్క నంబరు ప్లేటు మాత్రం తెల్లగా చెరిపేసి ఉంది. నాకేమో నంబరే కావాలి. ఆ యాప్‌వాళ్ళకి ఫోన్ చేస్తే ఒకబ్బాయి, "సింగిల్ ఓనర్ మేడమ్, సర్వీస్ రికార్డు మొత్తం ఉంది, టెస్ట్ డ్రైవ్‌కి ఇంటికే పంపిస్తాం" అని వల్లించాడు.

"అవన్నీ సరే బాబూ, నంబరు కూడితే ఎంత?"

అంకెలు గొణుక్కోవడం వినబడింది. పాపం, వేళ్ళమీద కూడుకుంటున్నాడు. "తొమ్మిది మేడమ్."

"అయితే ఇదే తీసుకుంటాను."

నవ్వకండి. సినిమా పేరులో అక్షరాలు లెక్కపెట్టి, చాలకపోతే ఒకటి అదనంగా తగిలించే చోట ఇన్నేళ్ళు అన్నం తిన్నాను. ఇంజను గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆర్సీ మీద ఎవరిదో ఆడపేరు ఉంటే పట్టించుకోలేదు, ఈ ఊళ్ళో సగం కార్లు భార్యల పేరు మీదే ఉంటాయి. తెల్ల కారు. అద్దాలకి పాత ఓనరు వేయించిన నల్ల ఫిల్మ్ ఇంకా ఉంది, లోపల ఎవరున్నారో బయటికి కనబడదు, అది పీకించడానికి తీరిక లేదు. పెద్దమ్మ గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, సరాసరి నిర్మాతగారింటికే వెళ్ళాను.

కారు మలుపు తిరిగీ తిరగ్గానే వాచ్‌మన్ లేచి గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. ఎవరని అడగలేదు, లోపలికి ఫోన్ చెయ్యలేదు. తొమ్మిది పనిచేసిందనుకున్నాను. ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

నిర్మాతగారు పోర్టికోలోనే ఉన్నారు. నేను నమస్కారం పెడుతుంటే ఆయన నన్ను చూడలేదు, కారునే చూస్తున్నారు.

"ఈ బండి మీకెక్కడ దొరికిందమ్మా?"

"ఆన్‌లైన్‌లో కొన్నానండీ."

"మా ఆవిడ పేరున ఉండేది. దీంట్లో వెళ్ళి ముహూర్తం చేసిన సినిమా ఒక్కటీ ఆడలేదు. ఐరన్ లెగ్గమ్మా ఇది. ఊళ్ళో ఎవరికీ తెలీకుండా వదిలించుకుందామని ఆన్‌లైన్‌లో పెట్టించాను." ఒకడుగు వెనక్కి వేశారు. "కథ బావుందని మావాడు చెప్పాడు, వింటాను. ముందు దాన్ని గేటు బయట ఎక్కడైనా వదిలేసి నడిచి రండి. నేను ఫ్లైటుకి వెళ్ళాలి, ఆలస్యం చెయ్యకండి."

వింటానన్నారు, అది చాలు. వాచ్‌మన్ మళ్ళీ సెల్యూట్ కొట్టి నన్ను బయటికి పంపాడు. ఆ వీధిలో పార్కింగ్ లేదు. కింద మలుపు దాటాక కారు పెట్టి, ఎండలో ఆ ఎత్తంతా ఎక్కి, రొప్పుతూ గేటు దగ్గరికొచ్చాను.

"ఎవలు గావాలె?" అన్నాడు వాచ్‌మన్.

"ఇప్పుడే లోపల్నుంచి వచ్చాను కదా, కార్లో!"

"కార్ల మేడమ్ పోయింది. నేనే గేటు తీసిన."

"ఆ మేడమ్‌ని నేనే బాబూ."

చెమటతో తడిసిన జాకెట్టునీ, దుమ్ము పట్టిన చెప్పుల్నీ చూశాడు. "మేడమోళ్ళు నడిసొస్తరా? జర పక్కకు జరుగు అమ్మా, సార్ పోయే టైమైంది."

మేనేజరు ఫోన్ ఎత్తలేదు. బతిమాలాను, అరిచాను, చేతులు జోడించాను. నేనెవరో చెప్పడానికి ఆ కారు తప్ప నా దగ్గర ఇంకో రుజువు లేదు. మళ్ళీ కిందికి పరిగెత్తాను. కారు గేటు దాకా తెచ్చి, అద్దం దించి అతనికి మొహం చూపించి, దాన్ని అక్కడే వదిలేసి లోపలికి పరిగెడదామనుకున్నాను. అద్దం దించేలోపే గేటు బార్లా తెరుచుకుంది.

ఎదురుగా నిర్మాతగారు, అప్పుడే తన కారెక్కబోతూ.

ఆయన ఆగిపోయారు. నా కారుని చూసి కాలు వెనక్కి తీసుకున్నారు. మెట్లెక్కి వెళ్ళి పోర్టికోలో కుర్చీలో కూర్చుని లోపలికి కేకేశారు. పనమ్మాయి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఎదురు మంచిది కాకపోతే మా ఇంట్లోనూ అంతే చేస్తాం. వెనక్కెళ్ళి కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతాం. పొద్దున నేను బయల్దేరేటప్పుడు మావారిని ఎదురు రమ్మని గుమ్మం బయట నిలబెట్టి మరీ వచ్చాను.

దిగి, "సార్, ఒక్క ఐదు నిమిషాలు!" అని అరిచాను. ఆయన కోప్పడలేదు. గ్లాసు పట్టుకునే రెండో చెయ్యి పక్కకి ఊపారు, వానలో ఆ రోజు వాచ్‌మన్ ఊపినట్టే. ఏడుపు ఆగలేదు. నేను పోతేగానీ ఆయన కుర్చీలోంచి లేవరని అర్థమైంది.

కారెక్కి రివర్స్ గేర్ వేశాను. గేటు దాటుతుంటే వాచ్‌మన్ నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.