ఎదురంగడిలో మూడు రోజులు

పోయిన నెల హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు నన్ను మాట్లాడడానికి పిలిచారు. వ్యాపారంలో విజయం సాధించడం ఎలా అన్నది విషయం. గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో నా ఫోటో చూసి నేనే జడుసుకున్నాను. ఆధార్ కార్డు ఫోటోను అంత పెద్దది చేస్తే ఎవరైనా అట్లాగే కనిపిస్తారు. స్లైడ్లు తెచ్చారా మేడమ్ అని లెక్చరరమ్మ అడిగితే లేవన్నాను. నేను వేదికెక్కి కూర్చున్నానో లేదో, ముందువరసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీ పోటీదారులను ఎట్లా గెలిచారు?" అని సూటిగా అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఏదో పావుగంట మాట్లాడి దిగాను గానీ, బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ పిల్లకు చెప్పకుండా మిగిలిపోయిందే మనసులో తిరిగింది. అది మా అత్త సంగతి.

అత్త అంటే మా అమ్మ అన్న భార్య. మామకు పెనుకొండలో, హైవే నుంచి ఊళ్లోకి తిరిగే దారిలో మోటారు వైండింగ్ అంగడి ఉండేది. బోరులో మోటారు కాలిపోతే రైతులు దాన్ని పైకి తీసి మోసుకొస్తారు. లోపల మాడిపోయిన రాగితీగెనంతా పీకేసి కొత్తది చుట్టి ఇవ్వాలి. చెప్పినంత సులువు కాదు. ఇనుప గొట్టం లోపలి సన్నటి గాడులలో తీగెను ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకుంటూ దూర్చాలి. ఒక్క చుట్టు తప్పినా, ఒక్కచోట పైపొర గీసుకుపోయినా మళ్లీ మొదటికే. యాభై దాటాక మామకు చేతులు వణకడం మొదలైంది. డాక్టర్లు పేరేదో చెప్పారు, మందులిచ్చారు, వణుకు మాత్రం పోలేదు. అప్పటిదాకా మధ్యాహ్నం సంగటి క్యారియరు పెట్టేసి వెళ్లిపోయే అత్త ఒకరోజు తిరిగి వెళ్లకుండా ఆయన పక్కనే కూర్చుంది. మామ నోటితో చెప్పేవాడు, ఆమె చేత్తో చేసేది. ఏడాది తిరిగేసరికి మామ చెప్పడం మానేసి పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు. అత్తకు అంతకు మించిన సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

నేను అక్కడికి చేరింది మాత్రం ఓడిపోయి. ధర్మవరంలో జాకెట్లు కుట్టే అంగడి పెట్టి మూడేళ్లకు మూసేశాను. పట్టుచీరలు కొనడానికి వచ్చేవాళ్లతో ఊరంతా కళకళలాడుతుంటే నా అంగట్లో ఈగలు ముసిరేవి. నా కటింగ్ ఎవరైనా చూసి నేర్చేసుకుంటారని తెర కట్టుకుని మరీ కత్తిరించేదాన్ని. "మగ్గం వర్కు యాడ చేస్తారమ్మా?" అని ఎవరైనా అడిగితే, పక్క వీధిలోనే చేస్తారని తెలిసీ తెలియదనేదాన్ని. ఒకసారి పక్కంగడి ఆమె మిషను సూది విరిగి, ఒకటి ఉంటే ఇమ్మని వచ్చింది. డబ్బా నిండా పెట్టుకుని లేదన్నాను. అందరూ నా నోటి దగ్గర కూడు లాక్కోవడానికే పుట్టారని నా గట్టి నమ్మకం. రానురాను ఎవరూ నా గుమ్మం తొక్కకుండా పోయారు, ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. మా ఆయనకు పెనుకొండలో పని దొరకడంతో మిషను అమ్మేసి వచ్చేశాం. నా ముఖం చూసిన అత్త నా వేళ్లు పట్టుకుని చూసింది.

"తీగె కూడా దారం మాదిరే పాపా. నీ వేళ్లకు అలవాటుండాది. రేపట్నుంచి రా" అంది.

పోయాను. పని వచ్చింది గానీ, అత్త తీరు మాత్రం నాకు కొరుకుడు పడలేదు. మోటారు బాగుచేసి ఇచ్చాక ఊరకే పంపొచ్చు కదా, ప్రతి రైతునూ నిలబెట్టి పాఠం చెప్పేది. "ఓల్టేజీ తక్కువున్నప్పుడు వెయ్యొద్దప్పా. స్టార్టరు పడిపోకుండా పుల్ల పెట్టి కడతాండారు చూడు, అందుకే కాలేది." ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మోటార్లు కాలకపోతే మనమేం తినేది అత్తా?"

"నీళ్లు ఆగితే వాని తోట ఎండిపోతాది. తోట ఎండితే బెంగుళూరికి కూలికి పోతాడు. అప్పుడు మోటారూ ఉండదు, మనమూ ఉండం. వాడు బాగుంటేనే గదా ఇంకో బోరు వేసేది, మనల్ని తలుచుకునేది" అంది, తీగె మీద నుంచి చూపు తిప్పకుండా.

వినడానికి బాగానే ఉంది గానీ నాకు ఎక్కలేదు.

రోడ్డుకు అవతల ఇంకో వైండింగ్ అంగడి ఉండేది. దాని యజమానిని అన్నా అని పిలిచేదాన్ని, పిలవక తప్పక. "ఆడోళ్లు చుట్టిన మోటారు పది దినాలు కూడా ఆడదప్పా" అని ఆయన రైతులతో అంటాడని మా చెవిన పడుతుండేది. నాకు ఒళ్లు మండేది. అత్త మాత్రం, "పదకొండో దినం ఆడితే వాళ్లే చూసుకుంటారులే" అని ఊరుకునేది.

ఆ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక పొలంలో మోటారు పైకి తీస్తుండగా గొలుసు జారి ఎదురంగడి అన్న కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. పిండికట్టు వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. ఆయన అంగట్లో తొమ్మిది మోటార్లు విప్పి పడున్నాయి. అన్నీ మల్బరీ రైతులవే. వాళ్ల ఇళ్లలో పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటి ఉన్నాయి. అంటే ఇంకో వారంలో గూళ్లు కట్టబోయే పురుగులు, ఎంత ఆకు వేసినా చాలని వయసు. ఆ వారం తోటకు నీళ్లు ఆగి ఆకు వాడిపోయిందంటే నెల్లాళ్ల చాకిరీ చెత్తకుప్పలో పోసినట్టే.

నిజం చెప్పాలి. ఆ కబురు వినగానే నేను మా అంగడి వాకిలి ఊడ్చి, తొమ్మిది మోటార్లకు చోటు చేసి పెట్టాను. ఇంక అన్నీ మన దగ్గరికేనని లోపల ఎగిరి గంతేశాను. అనుకున్నట్టే ఒక రైతు ఉరుకులతో వచ్చాడు. "అక్కా, ఆయన చెయ్యి ఇరిగింది. నా మోటారు మీ అంగడికి మోసుకొస్తా. పురుగులు సచ్చిపోతాయి" అన్నాడు.

"మోసుకురావద్దప్పా. ఆడే ఉండనీ. మేమే వస్తాండాం" అంది అత్త.

పటకారు, కత్తెర సంచిలో వేసుకుని రోడ్డు దాటబోతున్న ఆమెకు అడ్డం నిలబడ్డాను. "నీకేమన్నా పిచ్చి పట్టిందా అత్తా? ఆయన మనల్ని ఎన్ని మాటలన్నాడు!" అన్నాను. ఆమె నామీద కోప్పడలేదు. "తొమ్మిది మోటార్లు నా ఒక్కదానితో కావు పాపా. నువ్వు రాకపోతే చేతనైనన్ని చేస్తా. మిగిలినోళ్ల పురుగులు యాడికి పోతాయో నువ్వే చెప్పు" అని పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది. నేను రోడ్డు మీద కాసేపు నిలబడ్డాను. ఆ రైతు ఇంకా అక్కడే ఉన్నాడు. నావైపు చూసి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నా కాళ్లు వాటంతట అవే రోడ్డు దాటాయి.

మమ్మల్ని చూడగానే ఎదురంగడి అన్న ముఖం మాడిపోయింది. "ఏమక్కా, చూసి పోదామని వచ్చినావా?" అన్నాడు.

"కాదబ్బా. నీ అంగట్లోనే కూర్చుని నీ మోటార్లు చుట్టిస్తాం. తీగె నీదే, పేరూ నీదే. మాకాడికి మోసుకుపోతే రైతులు మళ్లీ ఈ గడప తొక్కరు. చెయ్యి బాగయ్యేటప్పటికి నీకు అంగడి ఉండాల గదా."

ఆయన తన పిండికట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను మిమ్మల్ని ఏమేమన్న్యానో తెలుసునా అక్కా?" అన్నాడు.

"తెలుసులే. ఈసారి నీ అంగట్లో చుట్టేవి. పది దినాలకు మించి ఆడే పూచీ నీదే" అంది అత్త. ఆయన నవ్వబోయి, చెయ్యి కలుక్కుమని అబ్బా అన్నాడు.

మూడు రోజులు అక్కడే కూర్చున్నాం. చూస్తూ నిలబడ్డ ఆయన భార్యను అత్త పిలిచి, "ఈ వదినకు నువ్వు నేర్పు" అని నా పక్కన కూర్చోబెట్టింది. తెర కట్టుకుని గుడ్డ కత్తిరించిన నేను ఇంకొకరికి పని నేర్పడం! మొదటి పూట చేసి చూపించి ఊరుకున్నాను. కానీ ఒక్కో గాడీ చూపించి ఎందుకట్లా చెయ్యాలో చెబుతుంటే, నేను ఇన్నాళ్లూ ఎక్కడెక్కడ తొందరపడి తప్పులు చేస్తున్నానో నాకే తెలిసొచ్చింది. వదిన వేళ్లు నావాటికన్నా నిదానం, ఆమె లెక్క మాత్రం ఒక్కసారీ తప్పలేదు. అన్న కుర్చీలో కూర్చుని మా చుట్లు పైకి లెక్కపెట్టేవాడు, బడిలో ఎక్కాలు చెప్పించినట్టు. మధ్యాహ్నాలు వాళ్లింటి సంగటి, మా ఇంటి ఊరుబిండి పచ్చడి కలిపి తిన్నాం. అయిన మోటారును అయినట్టే రైతులు తీసుకుపోయారు. మూడో రోజు మధ్యాహ్నానికి తొమ్మిదోది కూడా అయింది.

దాన్ని దింపేటప్పుడు అందరం పొలానికి వెళ్లాం, పిండికట్టు చేత్తో అన్న కూడా. మూడు గంటలకు కరెంటు వచ్చింది. రైతు స్టార్టరు నొక్కాడు. పైపు కాసేపు గాలి కక్కింది, తర్వాత ఎర్రనీళ్లు దగ్గింది. అంతలోనే తెల్లటి నీళ్లు లావుపాటి ధారగా ఎగిరి దూకాయి. రైతు భార్య ఆ నీళ్లకింద తల పెట్టి చిన్నపిల్లలా కేకలు పెట్టింది. పక్క పొలంలోంచి వచ్చిన పెద్దాయన ధారను అరచేత్తో కొట్టి చూసి, "ఎవురు చుట్టినారప్పా దీన్ని?" అన్నాడు.

ఎదురంగడి అన్న అందరికీ వినిపించేలా గట్టిగా చెప్పాడు. "మా అక్కోళ్లు చుట్టినారు. నాకంటే బాగా చుట్టినారు."

ధర్మవరంలో మూడేళ్లు ఎవరినీ దగ్గరికి రానీయకుండా కాపాడుకున్నదాంట్లో నాకు ఏనాడూ దొరకని సంతోషం ఆ మాటలో దొరికింది. కళ్లనీళ్లు కనబడకుండా నేను కూడా పైపు కింద ముఖం కడుక్కున్నాను.

తొమ్మిది ఇళ్లలోనూ పురుగులు గూళ్లు కట్టాయి. రైతులు హిందూపురం మార్కెట్లో గూళ్లు అమ్ముకుని వస్తూ రెండంగళ్లకూ అరటిగెలలు దించిపోయారు. వానలకు ముందు ధర్మవరం దిక్కు రైతులు కొందరు కలిసి, తమ ఊళ్ల మోటార్లన్నీ ఒక్కసారే బాగుచేయించాలని ఎదురంగడి అన్న దగ్గరికి వచ్చారు. అంత పని ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. ఆయన వాళ్లను వెంటబెట్టుకుని రోడ్డు దాటి వచ్చి, "మా అక్క లేకుండా నేను ఒప్పుకోను" అన్నాడు. అప్పుడు కలిసిన రెండంగళ్లు మళ్లీ విడిపోలేదు. తర్వాత హిందూపురంలో ఒకటి, ధర్మవరంలో ఒకటి పెట్టాం. ఇప్పుడు హిందూపురం అంగడి వదిన చూస్తుంది, ధర్మవరంది నేను చూస్తాను. నేను అంగడి మూసేసిన ఊళ్లోనే ఈరోజు ఆరుగురు ఆడవాళ్లు నా పక్కన కూర్చుని తీగె చుడుతున్నారు. పని వాళ్ల చేతికి వచ్చాక సొంతంగా పెట్టుకుంటామంటే, ఏ వీధిలో పెడితే బాగుంటుందో నేనే వెళ్లి చూసి వస్తాను.

మొన్న ఆదివారం పెనుకొండ వెళ్లాను. డెబ్బై దాటిన అత్త కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఒక సోలారు మోటారు బోర్డు ముందు కూర్చుని ఉంది. పక్కన హిందూపురం నుంచి వచ్చిన వదిన. అనంతపురంలో ట్రైనింగుకు పోయి సోలారు పని ముందు నేర్చుకున్నది ఆమే. "అది కాదక్కా, ఎర్ర వైరు ఈడ. ఎన్నిసార్లు చెప్పాల?" అని కసురుకుంటోంది. "ఇంకోసారి చెప్పమ్మా, నిదానంగా చెప్పు" అంటోంది అత్త, బుద్ధిగా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏళ్లు గడిచేకొద్దీ చేతిలోంచి కాలం జారిపోతుందని అనుకుంటాం గానీ, అత్త కాలం ఎక్కడికీ జారిపోలేదు, ఆమె పని నేర్పిన చేతుల్లోకి చేరింది.