అది పాము పుట్ట కాదు

నా భార్య మూడు వారాల క్రితం, గురువారం ఉదయం చనిపోయింది. అందరికీ ఫోన్ చేయలేకపోయాను. ఆమెను ఎరిగినవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

జువాలజీలో ఎమ్మెస్సీ చేసింది. నా వీసా మీద ఈ దేశం వచ్చింది కాబట్టి, మేమున్న ఇర్వింగ్ ఊళ్ళో ఉద్యోగం చేయడానికి వీల్లేకపోయింది. అపార్ట్‌మెంట్ వెనక పల్లపు గడ్డిలో, వానలు పడ్డాక జానెడు మట్టి గొట్టాలు లేచేవి. అవి క్రేఫిష్ కట్టినవని ఆమే చెప్పింది. రొయ్యకు చుట్టమైన ఆ జీవి, అడుగున నీరు తగిలేదాకా తవ్వుతుందట. ఆ మట్టిని ఉండలుగా పైకి తెచ్చి పేరుస్తుందట. ఒకసారి తోక కింద పిల్లల్ని మోస్తున్న తల్లిని చూసి, రెండు రోజులు దాని గురించే మాట్లాడింది. "ఏటికీ చెరువుకీ పోదు. దాని నీళ్ళు అదే వెతుక్కుంటుంది" అనేది.

ఒక ఏడాది నాగుల చవితి పొద్దున, కోడలి పురిటికి ఇండియా నుంచి వచ్చిన పక్కింటి పెద్దావిడ పాలగ్లాసుతో ఆ గడ్డిలోకి దిగింది. వెనక నిండు నెలల కోడలు. ఈ దేశంలో కూడా పుట్ట దొరికిందని ఆవిడ సంబరం. నా భార్య చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఆఫీస్ బ్యాగ్‌తో నేనూ వెళ్ళాను.

"అత్తయ్యగారూ, పొయ్యకండి. అది పాము పుట్ట కాదు. లోపల పిల్లలుంటాయేమో. నీళ్ళు పాడైతే ఊపిరాడక చస్తాయి."

"కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా, చవితి పూట చావు మాటలేంటమ్మా?"

కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ ఊళ్ళో మాకున్న నేస్తాలు ఆ ఇంటివాళ్ళే. "పోనీలే, ఒక్క గ్లాసేగా" అన్నాను. నా భార్య నా వైపు చూసింది. కోపం లేదు. నేను ఎటు నిలబడ్డానో చూసుకుంది, అంతే.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గొట్టాన్ని మొదలంటా విడదీసి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇది పళ్ళెంలో పెట్టి పొయ్యండి. ఇదైతే అది మళ్ళీ కట్టుకుంటుంది."

పెద్దావిడ ఆ బోలు మట్టిని చాలాసేపు చూసింది. చివరికి నాతో, "పళ్ళెం పట్రా నాయనా" అంది.

నేల మీద వట్టి కన్నం మిగిలింది. మళ్ళీ కట్టుకుంటుందని ఆమెకు నిజంగా తెలుసో, ఆ క్షణానికి అలా అనేసిందో నేను అడగలేదు. రెండు రోజులు దాంట్లో ఏ కదలికా లేదు. ఆమె సరిగ్గా తినలేదు.

మూడో రోజు తెల్లవారుతుండగా కిటికీలోంచి చూస్తే గడ్డిలో గొంతుక్కూర్చుని ఉంది. రమ్మని పిలవలేదు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. కన్నం అంచున ఒకే ఒక్క మట్టి ఉండ, ఇంకా తడిగా ఉంది. మేము చూస్తుండగా, లోపలి నుంచి రెండోది మెల్లగా పైకి లేచింది.